వెన్నెముక శస్త్రచికిత్స - పురుషులలో సంతానలేమి

వెన్నెముకకు చేసే శస్త్రచికిత్సకు, పురుషులలో కలిగే సంతానలేమికి గల సంబంధం వైద్య పరిశోధనలో చాలాకాలంగా చర్చలో ఉన్న అంశం. "వెన్నుపూసకు ఆపరేషన్ చేయించుకుంటే ఇక పిల్లలు పుట్టరు" అన్న భయం చాలామందిలో ఉన్నది. ఈ భయం వలన అవసరమైన ఆపరేషన్‌ను వాయిదా వేసుకొని కాళ్లు పడిపోయే స్థితికి చేరుకునేవారు ఉంటారు. అలాగే, నిజంగా ప్రమాదం ఉన్న ఆపరేషన్‌కు ఏమీ తెలియకుండా సంతకం పెట్టేవారూ ఉంటారు. ఈ రెండింటిలో ఏది ఎక్కడ నిజమో తెలియాలంటే వ్యాధి చేసే హాని, నీరు చేసే హాని, ఆపరేషన్ చేసే హాని అనే మూడింటిని విడదీసి చూడవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి దగ్గరి ఉదాహరణ నల్గొండ జిల్లా. ఇక్కడి ఫ్లోరోసిస్ వ్యాధి వెన్నుపామును నొక్కివేసి మనుషులను శస్త్రచికిత్స వరకు తీసుకువెళ్లింది. అదే ఫ్లోరైడు వీర్యకణాలపై చూపే ప్రభావం మీద కూడా దేశంలో పరిశోధనలు జరిగాయి.

సంతానోత్పత్తికి తోడ్పడే నాడులు

వృషణాలలో వీర్యకణాలు తయారగుటకు వెన్నుపాము నేరుగా అవసరం లేదు. దానికి కావలసినవి మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోనులు, వృషణాలలో తయారయ్యే టెస్టోస్టిరాన్, శరీరం కంటే కొంచెం తక్కువ ఉష్ణోగ్రత. అయితే తయారైన వీర్యకణాలు బయటకు రావడం పూర్తిగా నాడుల మీద ఆధారపడిన పని.

ఈ పనిలో మూడు దశలున్నవి. అంగస్తంభనకు త్రికం అనబడే నడుము అడుగు భాగం నుండి, అనగా రెండవ, మూడవ, నాలుగవ త్రిక నాడుల నుండి ఆజ్ఞలు వస్తాయి. వీర్యం వృషణాల వైపు నుండి మూత్రనాళంలోకి చేరుటకు ఛాతీ చివరి భాగం, నడుము మొదటి భాగం నుండి బయలుదేరే సింపథెటిక్ నాడులు కారణం. ఇవే నాడులు ఆ సమయంలో మూత్రాశయం మెడను గట్టిగా మూసి ఉంచుతాయి. చివరిగా, వీర్యాన్ని బయటకు చిమ్మే కండరాలకు మళ్లీ త్రిక నాడులే ఆధారం.

ఈ మూడింటిలో శస్త్రచికిత్స దృష్ట్యా ముఖ్యమైనది రెండవది. సింపథెటిక్ నాడులు కిందికి దిగుతూ, ఐదవ నడుము కశేరుకకు, త్రికానికి మధ్యనున్న డిస్కు ముందు భాగంలో సన్నని దారాల అల్లికలాగా వ్యాపించి ఉంటాయి. దీనిని హైపోగాస్ట్రిక్ నాడీ వల అంటారు. ఇది వెన్నెముకకు ముందు వైపున, అనగా కడుపు వైపున ఉన్నదే కాని వీపు వైపున లేదు. పాఠకులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఈ వల దెబ్బతింటే మూత్రాశయం మెడ మూసుకొనదు. వీర్యం బయటకు రాకుండా వెనుకకు, మూత్రాశయంలోకి పోతుంది. దీనిని తిరోగమన స్ఖలనం అంటారు. అంగస్తంభన, సుఖానుభూతి సాధారణంగా మామూలుగానే ఉంటాయి. వీర్యకణాలు కూడా తయారవుతూనే ఉంటాయి. కాని సంతానం కలుగదు. కనుక దీనిని నపుంసకత్వమనడం పొరపాటు.

నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్, వెన్నెముక

తెలుగు ప్రాంతాలలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి వర్ణించినది మొదట ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో. హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో దీనిపై పరిశోధనా వ్యాసం ప్రచురించారు. హైదరాబాదు రాష్ట్రంలోని నల్గొండ జిల్లా గురించి ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అప్పటినుండి నల్గొండ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970వ దశకంలో రూపొందించగా, దానికి "నల్గొండ పద్ధతి" అనే పేరే స్థిరపడింది. ఒక జిల్లాకు ఈ విధంగా పేరు రావడం సంతోషించదగిన సంగతి కాదు.

వ్యాధి జిల్లా అంతటా ఒకే రకంగా లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వంటి పడమటి మండలాలు ఎక్కువగా బాధపడ్డాయి. అక్కడి గ్రానైటు శిలలలో ఫ్లోరైడు గల ఖనిజాలు ఎక్కువ. వానలు తక్కువ, బోర్లు లోతు. కొన్ని బావులలో లీటరు నీటికి 10 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడు కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. జిల్లాకు ఆగ్నేయాన కృష్ణానదికి చేరువలో ఉన్న మేళ్లచెరువు పరిస్థితి వేరు. ఇది సున్నపురాయి నేల. సిమెంటు కర్మాగారాలు ఇక్కడ వెలసినదీ అందుకే. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడు దానితో కలిసి కరగని పదార్థంగా మారి నీటిలో ఎక్కువగా నిలువదు. ఇది రసాయన శాస్త్రం చెప్పే సాధారణ సూత్రమే. ఏ ఊరి నీరు ఎటువంటిదో పరీక్ష చేసి తెలుసుకోవలసినదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో మేళ్లచెరువు మండలం సూర్యాపేట జిల్లాలో చేరింది. పడమటి మండలాలు నల్గొండలోనూ, కొన్ని యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ ఉన్నాయి.

ఫ్లోరైడు ఎముకలో పేరుకొనే పదార్థం. ఏళ్ల తరబడి ఆ నీరు త్రాగినవారిలో ఎముకలు చిక్కబడి బరువెక్కుతాయి. ఎముకలను కలిపే స్నాయువులు రాయిలాగా గట్టిపడతాయి. వెన్నెముకలో ఈ మార్పు జరిగితే మెడ తిరగదు, నడుము వంగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగవలసి వస్తుంది. ఇంకా ముదిరితే వెన్నుపాము ఉండే గొట్టం నాలుగు వైపుల నుండి ఇరుకై వెన్నుపామును నొక్కుతుంది. ఎక్కువగా మెడ భాగంలోను, తరువాత ఛాతీ భాగంలోను ఇది జరుగుతుంది. కాళ్లు బిగుసుకొనిపోవడం, నడకలో తడబాటు, చేతుల పట్టు తగ్గడం, మూత్రం ఆపుకోలేకపోవడం వరుసగా వస్తాయి. ఫ్లోరోసిస్ ఉన్న అందరికీ ఈ స్థితి రాదు. వచ్చినవారికి మాత్రం మందులతో నయమయ్యే అవకాశం లేదు.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, వాడుకలో నిమ్స్, మొదట 1960వ దశకంలో ఎముకల ఆసుపత్రిగా ప్రారంభమైనది. ఆ సంస్థకు సంచాలకులుగా పనిచేసిన నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వలన కలిగే నాడీ సమస్యలపై దీర్ఘకాలం కృషి చేశారు. ఈ విషయంపై ఆయన సమీక్షా వ్యాసం 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో వచ్చింది. నాణెముల పరిశోధకులుగా కూడా ఆయన ప్రసిద్ధులు.

ఈ రోగులకు చేసే ఆపరేషన్‌ను లామినెక్టమీ అంటారు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, వీపు వైపు నుండి కోసి, కశేరుకల వెనుక కప్పును తొలగించి వెన్నుపాముకు చోటు కల్పిస్తారు. మామూలు రోగికి చేసే ఆపరేషన్ వేరు, ఫ్లోరోసిస్ రోగికి చేసేది వేరు. ఎముక దంతంలాగా గట్టిపడి ఉంటుంది. గట్టిపడిన స్నాయువు వెన్నుపాము పొరకు అతుక్కొని ఉండవచ్చును. అతివేగంగా తిరిగే డ్రిల్లుతో పలుచగా అరగదీస్తూ పోవలసి ఉంటుంది. ఏళ్ల తరబడి నలిగిన వెన్నుపాము ఆపరేషన్ తరువాత కూడా పూర్తిగా కోలుకొనకపోవచ్చును. ఆలస్యం చేసిన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఈ ఆపరేషన్ మెడ, ఛాతీ భాగాలలో, వీపు వైపు నుండి జరుగుతుంది. హైపోగాస్ట్రిక్ నాడీ వల ఉన్నది నడుము అడుగున, కడుపు వైపున. కాబట్టి లామినెక్టమీ ఆ వలను తాకదు. అటువంటి రోగిలో స్ఖలనం జరగకపోతే దానికి ప్రధాన కారణం సాధారణంగా వెన్నుపాము నలగడమే. మెదడు నుండి క్రిందనున్న నాడీకేంద్రాలకు పోయే దారి తెగినందున ఆజ్ఞలు అందవు. ఒక్కొక్కసారి అంగస్తంభన స్పర్శ వలన అసంకల్పితంగా కలిగినా స్ఖలనం జరుగదు. వెన్నుపాముపై జరిగే ఏ ఆపరేషన్‌లోనైనా వెన్నుపాముకే దెబ్బ తగిలే ప్రమాదం కొంత ఉంటుంది, దానిని దాచనవసరం లేదు. అయినా పిల్లల కోసమని ఈ ఆపరేషన్‌ను మానుకుంటే, కాపాడుకోవాలనుకున్నదే ముందుగా పోతుంది.

ఈ సమస్య ఎక్కువగా బయటికి రాకపోవడానికి ఒక కారణం వయస్సు. వెన్నుపాము నలిగే స్థితి సాధారణంగా నడివయస్సులో వస్తుంది, అప్పటికి చాలామందికి పిల్లలుంటారు. రెండవది సిగ్గు. వైద్యుడు అడగడు, రోగి చెప్పడు.

ఫ్లోరైడు, వీర్యకణాలు

నాడుల సంగతి అటుంచితే, ఫ్లోరైడు వృషణాల మీద నేరుగా పనిచేస్తుందా అన్నది మరొక ప్రశ్న. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఎ. కె. సుశీల, ఆమె సహచరులు 1996లో ప్రచురించిన పరిశోధనలో ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న 30 మంది పురుషుల రక్తంలో టెస్టోస్టిరాన్‌ను కొలిచారు. మంచి నీరు త్రాగే 26 మందితోనూ, రోగులు త్రాగే నీటినే త్రాగుతూ రోగలక్షణాలు లేని 16 మందితోనూ పోల్చారు. రోగులలో ఆ హార్మోను తక్కువగా ఉన్నట్లు తేలింది. అహ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఎన్. జె. చినోయ్ బృందం ఎలుకల మీద, ప్రయోగశాలలో మానవ వీర్యకణాల మీద ఫ్లోరైడు ప్రభావాన్ని పరిశీలించింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో మగ ఎలుకలకు 4.5, 9 పి.పి.ఎమ్. మోతాదులలో సోడియం ఫ్లోరైడు కలిపిన నీటిని 75 రోజులపాటు ఇచ్చారు. వాటిలో వీర్యకణాల సంఖ్య, చలనం, టెస్టోస్టిరాన్ తగ్గాయి.

వీటిని చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఎలుక మనిషి కాదు. ముప్పై మంది సంఖ్య చిన్నది. ఫ్లోరోసిస్ గ్రామాలలో పోషకాహార లోపం, ఎండలో కాయకష్టం, ఎడతెగని నొప్పి కూడా ఉంటాయి, ఇవన్నీ హార్మోనులను తగ్గించగలవు. ఫ్లోరైడు మోతాదు మించితే వీర్యకణాలకు హాని కలుగవచ్చునని ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి. ఫ్లోరైడు నీరు త్రాగిన ప్రతి పురుషునికీ సంతానం కలుగదని మాత్రం ఇవి చెప్పడం లేదు. ఈ తేడాను గ్రహించకపోతే నష్టపోయేది ఆ గ్రామాలే. ఫ్లోరైడు ఊళ్లతో పెళ్లి సంబంధాలకు వెనుకాడిన కాలం ఒకటున్నది. మంచినీటి కోసం ఆ ప్రాంత ప్రజలు చేసిన ఆందోళన 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడే వరకు వెళ్లింది. బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయినందున అక్కడ పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. తరువాతి కాలంలో కృష్ణా జలాల పథకాలు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలన నదీజలం ఈ గ్రామాలకు చేరింది.

ముందు వైపు నుండి చేసే ఆపరేషన్, ఒక వివాదం

నడుము డిస్కు అరిగిపోయినపుడు రెండు కశేరుకలను కలిపి అతికించే ఆపరేషన్ చేస్తారు. దీనిని కడుపు వైపు నుండి చేసే పద్ధతిలో శస్త్రవైద్యుడు పేగులను, పెద్ద రక్తనాళాలను పక్కకు తప్పించి డిస్కును చేరుకుంటాడు. ఆ దారిలోనే హైపోగాస్ట్రిక్ నాడీ వల ఉన్నది. సంతానలేమి భయం నిజమయ్యే చోటు ఇదే.

ఈ ప్రమాదం ఎంత అన్నది పద్ధతిని బట్టి మారుతుంది. అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 146 మంది పురుషులలో 6 గురికి తిరోగమన స్ఖలనం కలిగింది. కడుపు లోపలి పొరను చీల్చుకొని వెళ్లిన 30 మందిలో నలుగురికి, పొరను చీల్చకుండా పక్కకు నెట్టి వెళ్లిన 116 మందిలో ఇద్దరికి ఇది వచ్చింది. దారి మార్చినంత మాత్రాన ప్రమాదం ఎంతగానో తగ్గుతుందని దీనివలన తెలుస్తున్నది.

తరువాత వచ్చిన వివాదం మరింత గంభీరమైనది. ఎముకను పెంచే ప్రోటీను ఒకటి ఉన్నదని 1965లో మార్షల్ యూరిస్ట్ ప్రతిపాదించాడు. ఆ కోవకు చెందిన బి.ఎం.పి.-2 అనే ప్రోటీనును కృత్రిమంగా తయారుచేసి మెడ్‌ట్రానిక్ సంస్థ "ఇన్‌ఫ్యూజ్" పేరుతో మార్కెట్టులోకి తెచ్చింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీనిని 2002లో ముందు వైపు నుండి చేసే నడుము ఆపరేషన్‌కు అనుమతించింది. దీనివలన తుంటి ఎముక నుండి ముక్క తీసి అతికించే బాధ తప్పింది. సంస్థ ఆర్థిక సహాయంతో జరిగిన తొలి ప్రయోగాల వ్యాసాలు ఈ ప్రోటీను వలన చెడు ఫలితాలు లేవన్నట్లుగా వెలువడ్డాయి.

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ కారగీ తన బృందంతో స్పైన్ జర్నల్‌లో భిన్నమైన లెక్క ప్రచురించాడు. ఈ ప్రోటీను వాడిన 69 మంది పురుషులలో 5 గురికి, అనగా 7.2 శాతం మందికి తిరోగమన స్ఖలనం కలిగింది. వాడని 174 మందిలో ఒక్కరికి మాత్రమే, అనగా 0.6 శాతం. ఆపరేషన్ దారి ఒకటే అయినపుడు తేడా ప్రోటీను వలననే వచ్చి ఉండాలని ఆయన వాదన. ఆ ప్రోటీను చుట్టుప్రక్కల వాపు కలిగించే గుణం గలది కనుక నాడులకు హాని జరిగి ఉండవచ్చునని అనుకున్నారు. అదే సంవత్సరం, తొలి ప్రయోగాల వ్యాసాలు చెడు ఫలితాలను తక్కువ చేసి చూపాయని ఆయన బృందం మరొక సమీక్ష ప్రచురించింది. 2012లో అమెరికా సెనేటు ఆర్థిక సంఘం కూడా ఈ వ్యాసాల రచనలో సంస్థ జోక్యం ఉన్నదని నివేదిక ఇచ్చింది. సంస్థ ఆ ఆరోపణలను అంగీకరించలేదు.

అయితే కథ అక్కడితో తేలలేదు. మెడ్‌ట్రానిక్ తన వద్దనున్న రోగుల వివరాలన్నిటినీ యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. యేల్ నియమించిన రెండు స్వతంత్ర బృందాల సమీక్షలు 2013లో వెలువడ్డాయి. తుంటి ఎముక ముక్క కంటే ఈ ప్రోటీను వలన రోగికి చెప్పుకోదగ్గ అదనపు మేలు లేదని తేలింది. తిరోగమన స్ఖలనం ప్రోటీను వాడినవారిలో కొంత ఎక్కువగా కనిపించినా, ఆ తేడా గణాంకశాస్త్ర రీత్యా నిర్ధారణకు సరిపోలేదు. కారగీ లెక్కలో బాధితుల మొత్తం ఆరుగురే కదా. ఇంత చిన్న సంఖ్యల మీద ఎవరూ గట్టిగా వాదించలేరు. కాని, మేలు పెద్దగా లేని చోట చిన్న ప్రమాదాన్నైనా రోగికి ముందుగా చెప్పవలసినదే అన్నది ఈ వివాదం తరువాత వైద్యులలో బలపడిన అభిప్రాయం.

చెట్టుపై నుండి పడినవారు

తెలంగాణ గ్రామాలలో యువకుల వెన్నుపాము దెబ్బతినడానికి రోడ్డు ప్రమాదాలతోపాటు మరొక కారణం తాటిచెట్టు మీద నుండి పడడం. మోకు తెగినా, కాలు జారినా గీత కార్మికుని నడుము విరుగుతుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య పేరుతో గీత కార్మికులకు రక్షణ పరికరాలను ఇవ్వడం మొదలుపెట్టింది. పడిన మనిషిని చేతులు, కాళ్లు పట్టుకొని మడిచి ఆటోలో వేయడం వలన మిగిలిన నాడులు కూడా తెగే ప్రమాదమున్నది. వెడల్పాటి చెక్క మీద కదలకుండా పడుకోబెట్టి తీసుకుపోవలెను.

ఇటువంటి వారికి కశేరుకలను స్క్రూలతో నిలబెట్టే ఆపరేషన్ చేస్తారు. తరువాత స్ఖలనం జరగకపోతే దోషం ఆపరేషన్ మీదికి పోతుంది. నిజానికి ఆ హాని చాలావరకు చెట్టు క్రింద పడిన క్షణంలోనే జరిగిపోయి ఉంటుంది.

వీరిలో వీర్యకణాల సంఖ్య తరచుగా మామూలుగానే ఉండి, చలనం మాత్రం బాగా తగ్గుతుంది. అమెరికాలోని మయామీలో నాన్సీ బ్రాకెట్ తదితరులు చేసిన పరిశోధనలలో లోపం ఎక్కువగా వీర్యకణాలలో కాక, అవి ఈదే వీర్యద్రవంలో ఉన్నదని తెలిసింది. గాయమైన కొద్ది వారాలలోనే ఈ మార్పు మొదలవుతుంది.

వీర్యాన్ని సేకరించే మార్గాలున్నవి. దెబ్బ పదవ ఛాతీ కశేరుక భాగానికి పైన తగిలినవారిలో క్రింది నాడీకేంద్రాలు పనిచేస్తూ ఉంటాయి కనుక కంపన పరికరంతో స్ఖలనం కలిగించవచ్చును. ఈ పద్ధతిపై ఇంగ్లండులో గైల్స్ బ్రిండ్లీ 1980వ దశకంలో కృషి చేశాడు. కంపనం 2.5 మిల్లీమీటర్ల మేర ఉంటే ఫలితం బాగుంటుందని 1994లో డెన్మార్కు పరిశోధకులు చూపారు. అది పనిచేయనపుడు స్వల్ప విద్యుత్ ప్రేరణ ఉపయోగిస్తారు, దీనిని వెన్నుపాము గాయమైన పురుషులలో 1948 నాటికే ప్రయత్నించారు. ఆరవ ఛాతీ కశేరుకకు పైన దెబ్బ తగిలినవారిలో ఈ పద్ధతుల వలన రక్తపోటు ప్రమాదకరంగా పెరుగగలదు. అందువలన మొదటిసారి వైద్యుల ఎదుటనే చేయవలెను. అవసరమైతే వృషణం నుండి సూదితో కణాలను తీయవచ్చును. 1992లో బ్రస్సెల్స్ నుండి వెలువడిన ఇక్సీ విధానంలో ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ప్రవేశపెడతారు కనుక చలనం తక్కువైనా సంతానం సాధ్యమైంది. దీనికి అయ్యే ఖర్చు మాత్రం ఒక గీత కార్మికుని కుటుంబానికి తేలికైనది కాదు.

ఆపరేషన్‌కు ముందు, తరువాత

సంతానం ఇంకా కావాలనుకునే పురుషుడు నడుము ఆపరేషన్‌కు ముందు అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఆపరేషన్ ఏ వైపు నుండి చేస్తారు? వీపు వైపు నుండి కూడా చేయగలరా? బి.ఎం.పి. వాడతారా? ముందు వైపు నుండే తప్పదంటే వీర్యాన్ని ముందుగా భద్రపరచుకోవచ్చును. మన దేశంలో వీర్యనిధులు 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక విధానాల నియంత్రణ చట్టం క్రింద నమోదు కావలసి ఉంటుంది. డిస్కు జారి నడుము క్రింది నాడులన్నీ ఒక్కసారిగా నలిగి, మూత్రం ఆగిపోయి, కూర్చునే భాగంలో స్పర్శ పోయినపుడు మాత్రం ఇటువంటి ఆలోచనలకు వ్యవధి లేదు. గంటలు గడిచిన కొద్దీ మూత్రాశయం, లైంగిక శక్తి తిరిగివచ్చే అవకాశం తగ్గుతుంది.

ఆపరేషన్ తరువాత వీర్యం రాకపోతే ముందుగా చేయవలసినది మూత్ర పరీక్ష. స్ఖలనానుభూతి తరువాత పట్టిన మూత్రంలో వీర్యకణాలు కనిపిస్తే అది తిరోగమన స్ఖలనమని తేలుతుంది. కొందరిలో ఏడాది, రెండేళ్లలో దానంతట అదే సర్దుకుంటుంది. కారగీ అధ్యయనంలోని ఆరుగురిలో ముగ్గురికి ఏడాదిలో తగ్గింది. మూత్రాశయం మెడను బిగించే మందులు కొందరికి పనిచేస్తాయి. లేనిచో మూత్రంలోని ఆమ్లగుణాన్ని మందులతో తగ్గించి, అందులోనుండి వీర్యకణాలను వేరుచేసి, కడిగి, భార్య గర్భాశయంలోకి ప్రవేశపెడతారు.

వీర్యం బయటికి వస్తున్నా సంతానం కలుగనిచో వీర్య పరీక్ష చేయించుకోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల వీర్యకణాలు, మొత్తం మీద 42 శాతం చలనం కనీస పరిమితులు. ఈ పరీక్షకు కోత లేదు, మత్తు లేదు, ఖర్చు స్వల్పం. అయినా చాలా ఇళ్లలో భార్యకు అన్ని పరీక్షలూ పూర్తయిన తరువాతనే భర్త దీనికి ఒప్పుకుంటాడు. నడుముకు ఆపరేషన్ జరిగిన, లేదా ఫ్లోరోసిస్ ఉన్న పురుషుని విషయంలో ఈ పరీక్షను మొదటే చేయించడం మంచిది.